చిత్రానికి చెప్పేవాడు: పాపికొండల దృశ్య వారసత్వం, అంతర్జాతీయ పరిరక్షణ – ఒక పరిశీలన

1941లో గోదావరి రెండు గట్లూ రెండు ప్రభుత్వాల కింద ఉండేవి. భద్రాచలం ఉన్న ఎడమగట్టు మద్రాసు ప్రెసిడెన్సీది. పాల్వంచ అడవులున్న కుడిగట్టు నిజాం రాజ్యంలోది. ఆ ఏడాది ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ కుడిగట్టు కొండల్లోని రెడ్ల ఊళ్లలో క్షేత్రపరిశోధన చేశారు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉన్నందున రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే ఆయన శత్రుదేశీయుల లెక్కలో పడ్డారు. ఆయన సంచారం హైదరాబాదు సంస్థానానికి పరిమితమైంది. తెలుగు నేల మీది చెంచులు, కొండరెడ్లు, రాజగోండుల గురించి మూడు ప్రామాణిక గ్రంథాలు వెలువడటానికి ఈ నిర్బంధమే ఒక కారణం కావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. వాటిలో రెండవది, పాపికొండల రెడ్ల గురించినది, 1945లో వచ్చింది. ఆ పుస్తకంతోపాటే పుట్టిన ఛాయాచిత్రాలు మాత్రం గోదావరి దాటి, సముద్రం దాటి లండన్ చేరాయి.

హైమన్‌డార్ఫ్ తీసిన వేలాది ఛాయాచిత్రాలు, వంద గంటలకు మించిన 16 మిల్లీమీటర్ల ఫిల్ము, క్షేత్రపరిశోధన కాగితాలు ఆయన అధ్యాపకత్వం వహించిన లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థతో ముడిపడి నిలిచాయి. ఛాయాచిత్రాలలో గణనీయమైన భాగాన్ని ఆ సంస్థ డిజిటల్ రూపంలో అందుబాటులోకి తెచ్చింది. ఫిల్ము విషయంలో 2000లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో అలన్ మక్‌ఫర్లేన్, మార్క్ ట్యూరిన్ ప్రారంభించిన ‘డిజిటల్ హిమాలయ’ ప్రాజెక్టు చొరవ తీసుకుంది. భౌతికంగా చూస్తే ఇది పరిరక్షణ రంగంలో మంచి ఉదాహరణ. అయితే హిమాలయం పేరుతో ఏర్పడిన ప్రాజెక్టు సహజంగానే నేపాల్, ఈశాన్య భారత దృశ్యాలకు ప్రాధాన్యమిస్తుంది. దక్కనులో మొదలైన ఒక పరిశోధకుని దృశ్యప్రపంచం అంతర్జాతీయ సహకారంలోకి హిమాలయం గుండా ప్రవేశించింది. గోదావరి అందులో ఉపనది స్థానంలోనే మిగిలింది.

దృశ్య శ్రవణ వారసత్వ పరిరక్షణకు అంతర్జాతీయ చట్రం కొత్తది కాదు. ఫిల్ము ఆర్కైవుల అంతర్జాతీయ సమాఖ్య 1938లో పారిస్‌లో ఏర్పడింది. పూణెలో జాతీయ ఫిల్ము ఆర్కైవు 1964లో వచ్చింది. 1980 అక్టోబరు 27న బెల్‌గ్రేడ్‌లో యునెస్కో కదిలే చిత్రాల పరిరక్షణ గురించిన సిఫారసును ఆమోదించింది. ఆ తేదీయే నేడు ప్రపంచ దృశ్య శ్రవణ వారసత్వ దినం. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఫిల్ము పరిరక్షణ శిక్షణ శిబిరాన్ని హైదరాబాదులోనే నిర్వహించాయి. నైట్రేటు ఫిల్ము నిప్పు అంటుకుంటుంది. 2003లో పూణె అగ్నిప్రమాదం ఆ పాఠం నేర్పింది. ఎసిటేటు ఫిల్ము వేడికీ తేమకూ పులిసి వెనిగర్ వాసన కొడుతుంది. ఈ శత్రువులను ఎదుర్కొనే శాస్త్రం ఇప్పుడు పరిణతి పొందింది.

ఇక్కడ విమర్శకు అవకాశమిచ్చేది శాస్త్రం కాదు, దాని లక్ష్యం. పై ప్రయత్నాలన్నిటి ప్రధాన దృష్టి ఫిల్ము మీద, అంటే దృశ్యాన్ని మోసే వస్తువు మీద. దృశ్యానికి అర్థమిచ్చే మాట సూచీకరణ అనే చిన్న పనిలోకి, చాలాసార్లు ఆఖరి పనిలోకి జారిపోతుంది. తెలుగు సాహిత్య పరిశోధకులకు ఇది పరిచితమైన సమస్యే. తాళపత్రాన్ని పురుగు తినకుండా కాపాడటం ఒక పని. అందులోని పాఠాన్ని పరిష్కరించడం మరొక పని. మొదటిది చేసి రెండోది చేయకపోతే మిగిలేది ఆకుల కట్ట.

కొండరెడ్ల ఛాయాచిత్రాల విషయంలో ఈ సమస్య మరింత పదునైనది. కోయలకు తమదైన భాష ఉంది. కొండరెడ్ల మాతృభాష తెలుగే. అంటే ఆ చిత్రాల్లోని మనుషులు తమ పోడును, జీలుగు చెట్టును, వెదురును, వేల్పును తెలుగులోనే పిలిచారు. చిత్రాల కింద ఉన్న మాట మాత్రం ఇంగ్లీషు. ఆ తరం మానవశాస్త్రం అలవాటు చేసిన శీర్షికా పద్ధతిలో తెగ పేరు, ఊరి పేరు, చేస్తున్న పని ఉంటాయి; మనిషి పేరుకు అక్కడ చోటు తక్కువ. గ్రంథంలో అదే పరిశోధకుడు వ్యక్తుల పెళ్లిళ్లను, తగాదాలను, అప్పులను ఓపికగా రాశారు. కలప, వెదురు వ్యాపారుల దగ్గర రెడ్లు అప్పులపాలై ఎలా బందీలయ్యారో చెప్పిన భాగాలు నేటికీ చదివించే గుణం గలవి. పుస్తకంలో బతికిన వ్యక్తి చిత్రంలో నమూనాగా మారాడు. పుస్తకాన్నీ చిత్రాన్నీ ఎదురెదురుగా పెట్టి చదివితే తప్ప ఈ విభజన కనబడదు. ఆ రెంటినీ ముడివేసే సూచిక పరిరక్షణ ప్రణాళికల్లో మొదటి అంశంగా ఉండవలసింది.

ఊరి పేర్ల సంగతి మరీ సూక్ష్మమైనది. పేరంటపల్లి, కొయిదా వంటి నదీతీరపు పేర్లు రోమన్ లిపిలో పరిశోధకుడు విన్న తీరులో ఒకలా, సర్వే పటాల్లో ఇంకోలా, నేటి ప్రభుత్వ రికార్డుల్లో వేరోలా కనిపిస్తాయి. తెలుగు లిపిలో వెతికే వ్యక్తికి ఆ చిత్రం ఉన్నట్టే తెలియదు. అంతర్జాలంలో అందరికీ తెరిచి ఉంచిన సంపద ఒక లిపి కారణంగా సొంతవాళ్లకు మూసుకుపోవడమంటే ఇదే. దీనికి పరిష్కారం ఖరీదైన యంత్రమేమీ కాదు. తెలుగు వచ్చి, ఆ ఊళ్ల పేర్లు తెలిసినవారు కొన్ని నెలలు కూర్చుంటే తీరేది.

ఇదే నదిని తెలుగు సినిమా వేరే దిక్కునుంచి చూసింది. బాపు దర్శకత్వంలో, ముళ్లపూడి వెంకటరమణ రచనతో 1973లో వచ్చిన ‘అందాల రాముడు’, శేఖర్ కమ్ముల 2006లో తీసిన ‘గోదావరి’, రెండూ రాజమండ్రి వైపు నుంచి భద్రాచలానికి సాగే పడవ ప్రయాణాలు. రెండింటిలోనూ రంగస్థలం పడవే. సంపన్నులూ పేదలూ, చదువుకున్నవారూ అమాయకులూ అక్కడే తారసపడతారు. కొండలు వెనుక తెరలా కదులుతాయి. హైమన్‌డార్ఫ్ కెమెరాకు ఒడ్డు ఇల్లు. ఈ చిత్రాల కెమెరాకు ఒడ్డు నేపథ్యం. దీన్ని లోపంగా ఎత్తిచూపడం సరికాదు. యాత్రాకథకు దాని న్యాయం దానికుంటుంది, పైగా ‘అందాల రాముడు’లోని హాస్యం ఆ పడవ ఇరుకులోంచే పుట్టింది. కాని దర్శకుడు ఉద్దేశించని ఒక విలువ ఈ నేపథ్యానికి కాలక్రమంలో వచ్చి చేరింది. పోలవరం జలాశయం పూర్తి నీటిమట్టం 150 అడుగులు. ఆ మట్టానికి నీరు నిలిస్తే 1973 నాటి ఇసుక మేటలు, ఒడ్డు మలుపులు, రేవులు చాలావరకు ఫిల్ము మీదే ఉంటాయి. ప్రేమకథ కోసం తీసిన ఫ్రేములు భూగోళ సాక్ష్యాలవుతాయి. అందుచేత ఇలాంటి చిత్రాల మూల నెగెటివును, ఎడిటింగులో పక్కన పెట్టిన ముక్కలు ఏవైనా మిగిలి ఉంటే వాటినీ కాపాడటం సినీ అభిమానుల కోరిక స్థాయిని దాటిన అవసరం. పునరుద్ధరణ పేరుతో రంగులను నేటి అభిరుచికి సర్దడం, ఫ్రేము అంచులను పెద్ద తెరకు తగ్గట్టు కత్తిరించడం ఈ దృష్టితో చూస్తే పాఠాన్ని చెరపడంతో సమానం. ఆ అంచుల్లోనే ఒడ్డు ఉంది.

ఈ ప్రాంతపు పాలనాచరిత్ర కూడా పరిరక్షణను చిక్కు పెట్టింది. 1953లో వరంగల్లు నుంచి ఖమ్మం జిల్లా వేరైంది. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిశాయి. 2014లో కూనవరం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. డెబ్బై అయిదేళ్లలో ఒకే కొండరెడ్డి కుటుంబం ఊరు కదలకుండానే ఎన్ని రికార్డు గదుల్లో నమోదయిందో లెక్క వేయవచ్చు. 1980 నాటి యునెస్కో సిఫారసు ఒక దేశపు చరిత్రకూ సంస్కృతికీ చెందిన చిత్రాలు ఆ దేశం దగ్గర లేనప్పుడు వాటిని అందుకునే వీలు కల్పించేలా ఇతర దేశాలు సహకరించాలని కోరుతుంది. ఉదాత్తమైన భావన. అయితే అక్కడ అందుకునే చెయ్యి దేశానిది. లండన్ నుంచి ఒక ప్రతి ఢిల్లీకి వస్తే సిఫారసు నెరవేరినట్టే. అది హైదరాబాదుకు రావాలా, విశాఖపట్నానికి రావాలా, పునరావాస కాలనీలోని పాఠశాలకు రావాలా అన్న ప్రశ్న దాని పరిధిలో లేదు. ఇక ఆ సిఫారసు కదిలే చిత్రాలకు సంబంధించినది కనుక నిశ్చల ఛాయాచిత్రం ఆ రక్షణకూ బయటే.

చిత్రమూ మాటా విడిపోవడం గురించిన ఆలోచనకు దూరం పోనక్కరలేదు. భద్రాచలం అడవుల్లోని కోయల పడిగె సంప్రదాయంలో దానికి సమాధానముంది. పడిగె త్రికోణాకారపు గుడ్డ. దాని మీద వంశం గుర్తులు, వేల్పుల రూపాలు ఉంటాయి. డోలీలు వాద్యం మీద ఆ గోత్రచరిత్రను గానం చేస్తారు. గానం లేని పడిగె కొలుపులో నిలవదు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య అలా మౌఖికంగా కోయ వీరుల, వంశాల చరిత్రలను మోసినవారు; 2022లో పద్మశ్రీ పురస్కారం వచ్చింది, 2024లో మరణించారు. ఆయన గానాన్ని జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు నమోదు చేయించడం వల్ల కొంత నిలిచింది. పడిగెను ఒక మ్యూజియం గాజుపెట్టెలో పెట్టి డోలిని విస్మరిస్తే కోయల లెక్కలో అది సగం పడిగె. దృశ్య శ్రవణ వారసత్వం అన్న జంట మాటను ఇంత ఖచ్చితంగా ఆచరించిన సంస్థ మరొకటి చూపడం కష్టం. లండన్‌లోని కొండరెడ్ల ఛాయాచిత్రాలు ఈ అర్థంలో డోలి లేని పడిగెలు.

అంతర్జాతీయ సహకారానికి ఈ దిశలో పూర్వోదాహరణలు లేకపోలేదు. డచ్చి సంగీత పరిశోధకుడు ఆర్నాల్డ్ బాకే 1930లలో దక్షిణ భారతంలో చేసిన రికార్డింగులను నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ 1984లో అవే ప్రాంతాలకు తీసుకెళ్లి, గాయకుల వారసులకు వినిపించి, వారు చెప్పినది మళ్లీ నమోదు చేశారు. అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ 1982లో స్థాపించిన సంగీతమానవశాస్త్ర ఆర్కైవు, విదేశీ పరిశోధకులు భారతదేశంలో చేసిన రికార్డింగుల ప్రతులను తిరిగి ఇక్కడికి రప్పించడాన్ని తన పనిగా పెట్టుకుంది. తెలుగువారికి ఇంతకన్నా పాత ఉదాహరణ సి.పి. బ్రౌన్. 1830లలో లండన్‌లో ఉన్న కాలంలో ఆయన ఇండియా హౌస్ గ్రంథాలయంలో పట్టించుకునేవారు లేక పడి ఉన్న దక్షిణాది రాతప్రతులను గుర్తించి, అవి మద్రాసు చేరేలా చేశారు. ఆ పని విలువ రవాణాలో లేదు. వాటిని చదవగలవాడు వాటిని గుర్తించడంలో ఉంది. ఇండియా హౌస్ సిబ్బందికి అవి లిపి తెలియని కట్టలు, బ్రౌన్‌కు కావ్యాలు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి చోటివ్వాలి. చిత్రాలను ఊళ్లకు తీసుకువెళ్లి పేర్లు రాబట్టడం మరో రకం సేకరణ కాదా? బయటివాళ్లు 1941లో ముఖాలు తీసుకుపోయారు, ఇప్పుడు పేర్లు కూడా తీసుకుపోతారా? ఈ ప్రశ్న అర్థవంతమైనదే. నిర్వాసితుల జాబితాలు, ప్యాకేజీ లెక్కల మధ్య నలిగిన కుటుంబానికి మరో సర్వే వాడు వచ్చినట్టే ఉంటుంది. చనిపోయినవారి చిత్రాన్ని బహిరంగంగా చూపడం పట్ల, కొలుపు చిత్రాన్ని పరాయివాళ్లు చూడటం పట్ల అభ్యంతరం చెప్పే హక్కు వారికి ఉండాలి. పేరు చెప్పకపోవడమూ ఒక సమాధానమే. సూచికలో దాన్ని ఖాళీగా వదలకుండా, చెప్పడానికి ఇష్టపడలేదని రాయాలి. పరిష్కర్త గ్రంథపాతాన్ని సొంత పద్యంతో పూరించకుండా గుర్తు పెట్టి వదలడం లాంటిది ఇది.

కాబట్టి లండన్ సంస్థతో కుదుర్చుకోదగిన ఒప్పందంలో డిజిటల్ ప్రతుల బదిలీ ఒక వాక్యం అయితే, తెలుగు లిపిలో సమాంతర సూచిక రెండవది, ఆ సూచికను సవరించే అధికారం ఎవరిదన్నది మూడవది. భద్రాచలంలో సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో గిరిజన ప్రదర్శనశాల ఉంది. హైదరాబాదులో గిరిజన సంస్కృతి పరిశోధన సంస్థ ఉంది. నది అవతలి ఊళ్లు ఇప్పుడు వేరే రాష్ట్రానివి కనుక ఆంధ్రప్రదేశ్ సంస్థ కూడా ఇందులో భాగం కావాలి. తెలుగు శాఖల వంతు మాండలిక పని: చిత్రంలోని పనిముట్టును, చెట్టును, వంటను కొండరెడ్లు ఏ మాటతో పిలుస్తారో రికార్డు చేసి చిత్రంతో ముడివేయడం. ఆ మాటల్లో నిఘంటువులకు ఎక్కనివి ఉండే అవకాశం ఎక్కువ.

పనికి ఉన్న వ్యవధి తక్కువ. 1941లో పదేళ్ల వయసున్న వ్యక్తి బతికి ఉంటే ఇప్పుడు తొంభై దాటాలి. అయితే హైమన్‌డార్ఫ్ 1970ల చివర ఆంధ్రప్రదేశ్ తెగల మధ్యకు తిరిగివచ్చారు. నాలుగు దశాబ్దాల్లో వచ్చిన మార్పులను, కొండరెడ్ల సంగతితో సహా, 1982లో వచ్చిన తన గ్రంథంలో చర్చించారు. నాటి యువకులు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లవారు. 1941 చిత్రాల్లోని ముఖాలు వారికి తల్లిదండ్రులవి, తాతలవి. ఊరు మారినా వారిలో కొందరు కాలనీల్లోనో, మునగని కొండ ఊళ్లలోనో ఉన్నారు. గుర్తింపు పని వారితో, చెప్పడానికి వారు ఇష్టపడితే, ఈ తరంలోనే మొదలుకావలసి ఉంది.