బొమ్మను తిరగేసి చూడండి

జూబ్లీహిల్స్‌లో పాత ఇళ్ళు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లవుతున్నాయి. ఇల్లు ఖాళీ చేసేముందు పాత సామాను చూసిపెట్టమని కొందరు నాకు కబురు చేస్తారు. మొన్న అలా వెళ్ళిన ఇంట్లో ఒక పెద్దావిడ షోకేసులోంచి జానెడు పింగాణీ బొమ్మ తీసి నా చేతిలో పెట్టారు. గొర్రెపిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకున్న పడుచు. గౌను నిండా పూలు.

"సినిమా పరిశ్రమతో పాటే మేమూ మద్రాసు నుంచి వచ్చేశాం బాబూ. ఈ దొరసానిని మా అత్తగారు పట్టుచీర మడతల్లో పెట్టి తెచ్చారు. ఏటా దసరా కొలువులో కొండపల్లి ఏనుగు అంబారీ పక్కన దీనిదే చోటు. దీనికెంత వస్తుంది?"

ఎంతన్న మాట నేను చివరికి చెబుతాను. ముందు అదేమిటో తేలాలి.

అక్కడికి కూతవేటు దూరంలో ఫిల్మ్‌నగర్. జమీందారు హాలు సెట్ వేసినప్పుడు అద్దాల బీరువాలో ఇలాంటి బొమ్మలే వరసగా పెడతారు. పది అడుగుల దూరంలో ఉన్న కెమెరాకు ప్లాస్టర్ బొమ్మైనా పింగాణీ బొమ్మైనా ఒకటే. దానికి కావలసింది ముఖం. నాకు కావలసింది అడుగు.

బల్ల మీద తువ్వాలు పరిచి, బొమ్మను నడుం దగ్గర పట్టుకుని చూస్తాను. తలనో చేతినో పట్టి ఎత్తకూడదు. చెంపకు ఆనిస్తే పింగాణీ చల్లగా తగులుతుంది, రెజిన్ తగలదు. గోటితో మెల్లగా తడితే ఖంగుమనాలి. బీట ఉంటే ఆ మోత బొంగురుపోతుంది. అడుగున చిన్న చిల్లు కనిపిస్తే భయపడక్కర్లేదు. బొమ్మ లోపల డొల్ల. కొలిమిలో కాలేటప్పుడు లోపలి గాలి బయటికి పోవడానికి పనివాడే ఆ దారి పెట్టాడు. మెరుగు పూయని అంచు కొన్నిచోట్ల ఎక్కువ, కొన్నిచోట్ల తక్కువ అరిగి ఉంటే అది ఏళ్ళ తరబడి కూర్చున్న అరుగుదల. అంచంతా ఒకే తీరున మట్టిరంగు ఉంటే ఎవరో పులిమారేమోనని అనుమానించాలి.

ఇక ముద్ర. దొరసాని అడుగున నీలంరంగులో రెండు కత్తులు ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గరి మైసెన్ కార్ఖానా గుర్తు అది. బంగారం చేసే విద్య తెలుసన్న బోట్గర్ అనే యువకుణ్ణి అక్కడి రాజు బంధించి పనిచేయించాడు. బంగారం రాలేదు గానీ యూరప్‌కు అప్పటిదాకా పట్టుబడని చైనా పింగాణీ రహస్యం దొరికింది. 1710లో కార్ఖానా మొదలైంది. 1720ల నుంచి కత్తుల గుర్తు వేస్తున్నారు. ఆ గుర్తును అనుకరించినవాళ్ళకు లెక్కలేదు. అసలు ముద్ర మెరుగు కింద ఉంటుంది, వేలికి తగలదు. ఈ ముద్ర తగిలింది. పక్కనే చిన్న అక్షరాల్లో 'జర్మనీ' అని ఉంది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1891లో నియమం పెట్టాక ఎగుమతి బొమ్మల మీద ఇలాంటి అక్షరాలు మామూలయ్యాయి. ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నట్టు ఇది రాజుల కాలంనాటిది కాదు. ఇరవయ్యో శతాబ్దం తొలిరోజుల్లో, మైసెన్ ఫక్కీలో మరో కార్ఖానా చేసినది.

దొంగనోట్లు పట్టే ఊదారంగు లైటు వేశాను. ఎడమచేతి రెండు వేళ్ళు వేరే రంగులో మెరిశాయి. "మా అబ్బాయి చిన్నప్పుడు పడేశాడు. మావారు రాత్రంతా కూర్చుని అతికించారు," అన్నారావిడ. ఆ అతుకు ఆ ఇంటికి జ్ఞాపకం, కొనేవాడికి లోపం. రెండూ నిజమే. ధర కాగితంలో రెండోది రాయక తప్పదు. రాయకపోతే నా సంతకానికి విలువ లేదు.

ఆ అబ్బాయి ఇప్పుడు అమెరికాలో ఉన్నాడట, పంపించమంటున్నాడట. తొందరపడొద్దన్నాను. వందేళ్ళు దాటిన పురావస్తువులను సొంతంగా దేశం దాటించడానికి 1972 నాటి చట్టం ఒప్పుకోదు. అనుమానం ఉన్నప్పుడు కేంద్ర పురావస్తు శాఖకు చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి.

కన్ను కుదరాలంటే మంచి సరుకు చూడాలి. అందుకు మనం ఊరు దాటక్కర్లేదు. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన యూరప్ పింగాణీ మూసీ ఒడ్డున ఆయన పేరిటి మ్యూజియంలో అద్దాల వెనక ఉంది. 1951లో దివాన్ దేవిడీలో తెరిచిన ఆ మ్యూజియం 1968లో ఇప్పటి భవనంలోకి వచ్చింది. అక్కడి బొమ్మల వేళ్ళూ, పూరేకులూ ఒక గంట చూసి రండి. ఆ తర్వాత మీ షోకేసు మీకే కొత్తగా కనిపిస్తుంది.

ఆవిడకు ధర చెప్పాను. అనుకున్నదానికన్నా తక్కువే. కాసేపు ఊరుకుని, బొమ్మను మళ్ళీ పట్టుచీరలోనే చుట్టారు.

ఈ దసరాకు కొలువు పెట్టేముందు మీ ఇంటి బొమ్మను ఒకసారి తిరగేసి చూడండి. అడుగున ఏముందో, ఎవరు తెచ్చారో, ఎప్పుడు విరిగిందో, ఎవరు అతికించారో పెద్దవాళ్ళనడిగి కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి. ముద్రను చదివి చెప్పేవాళ్ళు రేపైనా దొరుకుతారు. మిగతాది చెప్పగలిగినవాళ్ళు మీ ఇంట్లోనే ఉన్నారు, ఈరోజే అడగండి.