మీటరు పెట్టి చూసే చెయ్యి
అల్లూరు వైపు రొయ్యల చెరువులకు మేత మోసే పాత పికప్ తెల్లారుజామున సెల్ఫ్ అందుకోకపోతే, చాలామంది ముందు కొత్త బ్యాటరీ కొనేస్తారు. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ ఆ తొందర పడడు. బండి ఆపి ఉండగా 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. స్టార్ట్ చేశాక 14 దరిదాపులకు రావాలి. రాలేదా, బెల్టు నొక్కి చూస్తాడు, ఆల్టర్నేటర్ కార్బన్లు అరిగాయేమో చూస్తాడు.

నాకు ముచ్చటేసేది ఆ తర్వాతి పని. ఇంజన్ నడుస్తుండగా లైట్లన్నీ వేయించి, మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కు, రెండోది ఇంజన్ బ్లాకుకు ఆనిస్తాడు. అక్కడ అర వోల్టు కనిపించిందంటే తప్పు ఎర్త్ వైరుదే! సముద్రపు గాలికి బోల్టు కింద పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. వైరు విప్పి, ఉప్పుకాగితంతో రాగి మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన గ్రీజు పూస్తాడు. ఆల్టర్నేటర్ మార్చాలని చెప్పి వేలు గుంజవచ్చు. ఆ మనిషి గుంజడు.