కీచకుడి నుంచి ఓబుల్ రెడ్డి దాకా: తెలుగు థ్రిల్లర్ కథనశిల్పం

థ్రిల్లర్ అనగానే హిచ్‌కాక్ పేరో, కొరియా సినిమా పేరో తలచుకోవడం విమర్శకులకు అలవాటయింది గానీ, నాయకుణ్ణీ ప్రతినాయకుణ్ణీ ఉత్కంఠనూ ఒకే ముడిలో బిగించే విద్యకు తెలుగువారి చేతిలో మహాభారతంలోని విరాటపర్వం కంటే మేలైన పాఠ్యగ్రంథం లేదు. ఏడాదిపాటు ఎవరి కంటా పడకూడదు, పడితే మళ్లీ పన్నెండేళ్ల అరణ్యవాసం అన్న అజ్ఞాతవాస నియమమే నేటి స్క్రీన్‌ప్లే రచయితలు ‘గడువు’ అని చెప్పుకునే సాధనం. కీచకుడు సైరంధ్రి వేషంలోని ద్రౌపదిని వెంటాడుతున్నప్పుడు భీముడు ఊరుకుంటే ఆమె మానానికే ముప్పు, చంపితే అన్నదమ్ములందరి గుట్టూ రట్టు. ఎటు కదిలినా నష్టమే ఉన్న చోట నాయకుణ్ణి నిలబెట్టడం ఆ కథలోని మొదటి నేర్పు. చీకటి నిండిన నర్తనశాలలో భీముడు పొంచి ఉన్నాడని వినేవారికి తెలుసు, సింగారించుకుని వస్తున్న కీచకుడికి తెలియదు. ఒకరికి తెలిసి మరొకరికి తెలియని ఈ ఎడాన్ని లాగి లాగి పట్టడాన్నే ఉత్కంఠ అంటారు. అసలు మెలిక ఆ తర్వాత వస్తుంది. కీచకుడంతటి బలశాలిని చంపగలవాడు భీముడే అయి ఉండాలని దుర్యోధనుడు ఊహిస్తాడు, ఆ ఊహే గోగ్రహణానికి దారితీస్తుంది, అంటే ఒక చిక్కు విప్పుకోవడానికి నాయకుడు చేసిన పనే అంతకంటే పెద్ద చిక్కుకు ఆధారమవుతుంది. ఇంత బిగువైన అల్లిక ఆధునిక స్క్రీన్‌ప్లేలలో ఎన్నింటికి ఉందో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

వానలు మొహం చాటేసిన ఏళ్లలో విరాటపర్వం చదివించే ఆనవాయితీ తెలుగు పల్లెల్లో ఉంది కనుక, కరువు కొత్తకాని ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి వంటి కర్నూలు పడమటి ప్రాంతాలకు ఈ కథ పరాయిది కాదు. ఆ పక్కనే కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు బృందం ఆడిన తొలి నాటకం కూడా కీచకవధే. 1963లో వచ్చిన నర్తనశాల సినిమాలో ఎస్వీ రంగారావు కీచక పాత్రను ఎంత రాజసంగా నిలబెట్టారంటే, జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి గౌరవం ఆయన్ను వరించింది. కీచకుడు రాజుకు బావమరిది, సేనాని, రాజు సైతం నోరెత్తలేనంత బలవంతుడు. ప్రతినాయకుడి బలం కత్తిలో కంటే బంధుత్వంలో, పదవిలో ఉంటేనే కథ బరువెక్కుతుందని ఆ పాత్ర ఏనాడో చెప్పింది.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ నవలలు, 1966 నాటి గూఢచారి 116, ఆ మరుసటి ఏడు వచ్చిన అవే కళ్లు ఈ విద్యను పట్నం వీధుల్లోకి తెచ్చాయి. అయితే నాయకుడి నమ్మకమే అతని మెడకు ఉచ్చు కావాలన్న సూత్రాన్ని పరిపూర్ణంగా చూపింది మాత్రం యండమూరి వీరేంద్రనాథ్ నవల ఆధారంగా కోదండరామిరెడ్డి దర్శకత్వంలో 1983లో వచ్చిన అభిలాష. ఉరిశిక్ష రద్దు కావాలని కోరే యువ న్యాయవాది, చట్టం తప్పు చేయగలదని నిరూపించడానికి తనను తానే హత్యకేసులో ఇరికించుకోగా, ఆ పథకం ఎదురుతిరిగి ఉరికంబం నిజంగానే అతని ముందు నిలుస్తుంది. అతన్ని ఆ స్థితికి తెచ్చింది అతని ఆశయమే కనుక, ప్రేక్షకుడు అతని ప్రాణం కోసం భయపడుతూనే ఆశయం గెలవాలని కూడా కోరుకుంటాడు. థ్రిల్లర్ నాయకుడికి కండబలం ఉండనక్కరలేదు, వదులుకోలేనిది ఒకటి ఉండాలి. రాంగోపాల్ వర్మ క్షణక్షణం (1991)లో శ్రీదేవి పోషించిన సత్య మాటిమాటికీ దేవుణ్ణి తలచుకునే సామాన్య ఉద్యోగిని, వెంకటేశ్ చేసిన చందు చిల్లర దొంగ. బ్యాంకు దోపిడీ సొమ్ముకు దారిచూపే ఒక్క రసీదు వారి జీవితంలోకి వచ్చి పడటంతో ఇటు ముఠా, అటు పోలీసులు తరుముకొస్తారు. కథనంతా ఈడ్చుకుపోయే ఇటువంటి వస్తువు ఎంత చిన్నదైతే తరుము అంత పెద్దదిగా కనిపిస్తుందన్న మర్మం వర్మకు తెలిసినంతగా ఆ తరంలో మరెవరికీ తెలియదు.

ప్రతినాయకుడి విషయానికి వస్తే, 1989 నాటి శివలో రఘువరన్ పోషించిన భవానీని మించిన పాఠం లేదు. తనికెళ్ల భరణి రాసిన పొదుపైన మాటలు, రఘువరన్ తగ్గించిన గొంతు కలిసి, అరుపులే విలనీ అనుకున్న కాలానికి చెంపపెట్టయ్యాయి. కర్నూలు వాసులు ప్రత్యేకంగా చెప్పుకోవలసినది గుణశేఖర్ ఒక్కడు (2003)లో ప్రకాశ్ రాజ్ చేసిన ఓబుల్ రెడ్డి. అతనికి తల్లి ఉంది, పరువు ఉంది, పిచ్చి మమకారం ఉంది, తనదే న్యాయమన్న గట్టి నమ్మకం ఉంది. కర్నూలులోని కొండారెడ్డి బురుజు దగ్గర నలుగురిలో దెబ్బతిన్న అతని అహం సినిమా చివరిదాకా కథను తరుముతూనే ఉంటుంది. ప్రతినాయకుడు తనను తాను కథానాయకుడిగానే భావించుకోవాలన్న నియమానికి ఇంతకంటే మంచి తెలుగు ఉదాహరణ దొరకడం కష్టం.

ఉత్కంఠకు ప్రాణం నిజాయితీ. వంశీ అన్వేషణ (1985)లో అడవిలో జరిగే చావులన్నీ పులి ఖాతాలో పడతాయి. పులి మీదికి చూపు మళ్లించడం ‘తప్పుదోవ ఆధారం’ అనే ఉపాయం, కానీ హంతకుడు మొదటినుంచీ ప్రేక్షకుడి కళ్ల ముందు తిరిగే మనుషుల్లోనే ఉంటాడు గనుక అది మోసం కాదు. చంద్రశేఖర్ యేలేటి పెద్ద తారలెవరూ లేకుండానే ఐతే (2003) తీసి జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లకు అనుకోకుండా ఒక రోజులో ఒక యువతి జ్ఞాపకంలోంచి ఒక్క రోజును తీసేసి, ఆ ఖాళీ చుట్టూ కథంతా అల్లారు. యేలేటి కథల్లో ముందు నాటిన ప్రతి విత్తనం తర్వాత మొలుస్తుంది. రవికాంత్ పేరెపు క్షణం (2016) ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: తప్పిపోయిందంటున్న పాప అసలు ఉందా, లేదా? ఆ ప్రశ్న బలం హిందీవారికీ నచ్చి బాఘీ 2గా వెళ్లింది.

ఇంతటి వారసత్వం ఉండగా ఇప్పుడు జరుగుతున్నదేమిటి? కథలో ఎక్కడా కనిపించని మనిషిని ఆఖరి రీలులో తెచ్చి హంతకుడు వీడే అనడం, పావుగంట ఫ్లాష్‌బ్యాకులో అతని నోటితోనే అన్నీ చెప్పించడం, ‘ఇంటర్వెల్ బ్యాంగ్’ కోసం, అంటే విరామానికి ముందు ప్రేక్షకుణ్ణి ఉలిక్కిపడేలా చేయడం కోసం, పాత్ర స్వభావాన్నే తలకిందులు చేయడం, పరాయి భాషల సినిమాలు ముందేసుకుని సీన్ ఆర్డర్ రాసుకోవడం! ఆధారాలు ముందుగా చూపకుండా ఇచ్చే మలుపు ప్రేక్షకుడి జేబు కొట్టడంతో సమానం. అంతకంటే బాధాకరమైనది రాయలసీమకు జరిగిన అన్యాయం. సమరసింహారెడ్డి (1999), నరసింహనాయుడు (2001), ఇంద్ర (2002) విజయాల తర్వాత వాటి నకళ్లకు నకళ్లు తీసినవారు ఓబుల్ రెడ్డిలోని తల్లినీ, అహాన్నీ, మమకారాన్నీ వదిలేసి, సుమోలనూ వేటకొడవళ్లనూ మాత్రం తీసుకున్నారు. సుగ్గికి, అంటే పంటకోతల వలసకు పోయి, గుంటూరు మిరప చేలల్లో కోతలు కోసుకుని, అప్పు తీర్చడానికి ఊరికి తిరిగొచ్చే మనుషుల నేల ఇది. ఈ నేలను తెర మీద రక్తపు మడుగుగానే చూపడం సోమరితనం మాత్రమే కాదు, అబద్ధం కూడా.

నిజానికి ఈ ప్రాంతంలో థ్రిల్లర్‌కు కావలసిన సరుకు పొలాల్లోనే పడి ఉంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి, పత్తికొండ చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం జనం వంగి నేల వెదుకుతారు. దొరికిన రాళ్లను వ్యాపారులు గుట్టుగా బేరమాడి కొంటారని చెప్పుకుంటారు. కలుపుతీతకు వచ్చిన ఒక కూలి మనిషికి తడి ఎర్రమట్టిలో మెరిసే రాయి దొరికిందనుకుంటే, ఆమె దాన్ని కొంగు చివర ముడివేసి, పక్క సాలులోని వారు చూడలేదనుకుని మళ్లీ పనిలో వంగుతుంది. గట్టు మీద నిలబడిన భూమి యజమాని ఆ ముడిని చూశాడని ప్రేక్షకుడికి తెలుస్తుంది, ఆమెకు తెలియదు. సాయంత్రం కూలి డబ్బులిస్తూ, ‘అమ్మా, రేపు కూడా రాండి, కూలి పదిరూపాయలు ఎక్కువిస్తా’ అని అతను ఆప్యాయంగా అన్న మాటలో కత్తి లేదు, అరుపు లేదు, అయినా హాల్లో ప్రతివారికీ గుండె దడదడలాడుతుంది. అతనికీ బ్యాంకు అప్పు ఉందనీ, ఆ రాయి తన చేలో పుట్టింది కనుక తనదేనని నమ్ముతున్నాడనీ తర్వాతి సన్నివేశంలో తేలితే ప్రతినాయకుడు సిద్ధం. సుగ్గికి జనాన్ని తీసుకెళ్లే లారీ ఎల్లుండి తెల్లవారుజామున బయల్దేరుతుందంటే గడువూ సిద్ధం.

ఈ విద్య బతకాలంటే నిర్మాతలు తారల తేదీల కంటే ముందు రచయితకు సమయం ఇవ్వాలి, స్క్రీన్‌ప్లే రాసినవారి పేరు తెర మీద విడిగా, స్పష్టంగా వేయాలి, పోస్టరు మీదా ఉండాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి యువ రచయితలు హైదరాబాదు ఆఫీసుల్లో చలామణీ అయ్యే సీమ యాసను అనుకరించకుండా, తమ ఊరి సంతలో, తమ ఇంటి అరుగు మీద వినబడే మాటతోనే తమ ప్రతినాయకుణ్ణి మాట్లాడించాలి. రాయడానికి కూర్చునే ముందు విరాటపర్వాన్ని ఒక్కసారి మొదటినుంచి చివరిదాకా చదవాలి.