చేవ తేరేదాకా

కేరళలో నిలంబూర్ దగ్గర, చాలియార్ నది ఒడ్డున కనోలీ ప్లాట్ అనే టేకు తోట ఉంది. 1840లలో నాటారు. మనుషులు నాటగా ఇంకా నిలిచి ఉన్న టేకు తోటల్లో ప్రపంచంలోకెల్లా పాతది ఇదేనంటారు. ఓడల కలప కోసం దీన్ని వేయించినవాడు మలబారు కలెక్టరు కనోలీ. పేరు ఆయనకు దక్కింది. చేతి పనంతా ఆయన కింద ఉద్యోగి చాత్తు మేనోన్‌ది.

టేకు గింజ మొండిది. పైన గట్టి పెంకు. మొదట్లో వేసినవి మొలవనే లేదు. మేనోన్ గింజలు నానబెట్టించి, మళ్లలో చల్లించి, తడి ఆరకుండా కాపాడి, వానలు పడగానే నారు తీసి నాటించాడు. అలా లక్షల మొక్కలు లేచాయి.

అయితే టేకు తోటలో అసలు నేర్పంతా చెట్లు తీసివేయడంలో ఉంది. ఇప్పుడు రెండేసి మీటర్ల ఎడంతో హెక్టారుకు 2,500 మొక్కలు పెడతారు. కావాలనే అంత ఒత్తుగా. వెలుతురు కోసం పోటీపడి నిటారుగా సాగుతాయి, పక్కకొమ్మలు నీడకు ఎండి రాలిపోతాయి, కలపలో ముడులు తగ్గుతాయి. నాలుగైదేళ్లకు వరస విడిచి వరస కొట్టేస్తారు. వయసు పెరిగాక చేసే విడతల్లో లెక్క ఉండదు, చూపు ఉండాలి. మొదలుతో పాటు తల కూడా చూడాలి: ఏ చెట్టు గొడుగు దేన్ని ఒరుసుకుంటోంది, ఏది పోతే ఏది విచ్చుకుంటుంది? తొందరపడితే కొమ్మలు వేస్తాయి, జాగు చేస్తే బక్కగా సాగిపోతాయి. కనోలీ ప్లాట్‌లో 2.31 హెక్టార్లకు మిగిలినవి 117 చెట్లు. ఎన్ని తరాల కళ్లు వాటిని ఎంచి ఉంచాయో!

ఇలా చెట్లను ఏళ్ల తరబడి నిలపడంలో ఇంకో లాభం ఉంది: ఎండిన కలప బరువులో దాదాపు సగం కార్బనే. ఘనమీటరు టేకులో సుమారు 300 కిలోలు, అంటే గాలి నుంచి లాగిన కార్బన్ డయాక్సైడ్ టన్నుకు పైనే. మన ప్రకాశం, ఖమ్మం జిల్లాల సుబాబుల్, జామాయిల్ కొద్ది ఏళ్లకే కాగితం మిల్లుకు పోతాయి. రైతు అవసరం అలాంటిది, తప్పుపట్టలేం. కానీ ఆ కాగితంలోని కార్బన్ త్వరగానే గాలిలో కలుస్తుంది. నిలంబూర్ టేకును 50, 60 ఏళ్లు ఉంచుతారు. వయసు ముదిరేకొద్దీ ఏటేటా ఎదుగుదల మందగిస్తుంది, నిజమే. నిలిచి ఉన్న నిల్వ మాత్రం పెరుగుతూనే ఉంటుంది, దాంతోపాటు చేవా పెరుగుతుంది. చేవదేరిన టేకుకు చెదలు అంత సులువుగా పట్టవు. అది ద్వారబంధమై కూర్చుంటే ఆ కార్బన్‌కు ఇంకో రెండు మూడు తరాల ఆయువు. తోటల కార్బన్ లెక్క వేసేవాళ్లు నరికిన రోజుతో ఖాతా మూసేయకుండా, ఆ గుమ్మాలనూ కలుపుకోవాలి.