గోడ ఉన్న ఖాళీ, గోడ లేని ఖాళీ

బయాప్సీ రిపోర్టులో మేం రాసేది చాలావరకు కణాల గురించే. కణం ఉబ్బిందా, కేంద్రకం ముదురు రంగు పట్టిందా, వరస తప్పిందా అని. కొత్తగా చేరిన పీజీ పిల్లలూ మైక్రోస్కోపులో కన్ను పెట్టగానే కణాల వెంట పడతారు. నేను మాత్రం ముందు వాటి మధ్య తెల్లగా మిగిలిన చోట్లు చూడమంటాను.

ఒంట్లో ఉత్త ఖాళీ అంటూ ఉండదు. కణాల నడుమ నీరు, లవణాలు, ప్రొటీన్లు, కొల్లాజెన్ పోగులు ఉంటాయి. 70 కిలోల మనిషిలో ఈ నడిమి నీరే సుమారు పది లీటర్లు. వాచిన కాలి ముందెముక మీద డాక్టరు బొటనవేలితో నొక్కితే గుంట పడేది, ఈ నీరు పక్కకు జరగడం వల్లే.

స్లైడు దగ్గరికొచ్చేసరికి ఆ నీరు ఉండదు. ముక్కను ఫార్మలిన్‌లో నిలవేసి, ఆల్కహాలుతో నీరంతా లాగేసి, జైలీన్ దాటించి, కరిగిన మైనంలో ముంచుతాం. ఆ దిమ్మెను నాలుగైదు మైక్రాన్ల మందాన కోసి, గోరువెచ్చని నీటి మీద తేల్చి గాజు పలక మీదికి ఎత్తుతాం. ఇంత చేస్తే కణజాలం ముడుచుకోదా? అన్ని భాగాలూ ఒకేలా ముడుచుకోవు కాబట్టి బీటలు పడతాయి. రంగు వేశాక, మేం పుట్టించిన బీట, జబ్బు తెచ్చిన ఖాళీ రెండూ తెల్లగానే ఉంటాయి.

వేరు చేయడానికి గుర్తులున్నాయి. ఎగ్జిమాలో చర్మపు పైపొర కణాల మధ్య నీరు చేరుతుంది. కణాలు దూరం జరుగుతాయి గానీ వాటిని కలిపే వంతెనలు తెగవు, సాగి దారాల్లా కనబడతాయి. పెంఫిగస్ అనే పొక్కుల జబ్బులో ఆ వంతెనల్లోని డెస్మోగ్లీన్ అనే ప్రొటీన్ మీదే ఒంటి యాంటీబాడీలు దాడి చేస్తాయి. అక్కడ కణాలు పట్టు విడిచి, గుండ్రంగా మారి, పొక్కు నీటిలో తేలుతుంటాయి.

అసలు చిక్కు క్యాన్సర్‌లో. కణితి కణాల గుంపు చుట్టూ తెల్లటి వలయం ఉందనుకోండి. అది లింఫు నాళమైతే జబ్బు దారి వెతుక్కుందని అర్థం, చికిత్స మారవచ్చు. ముడతతో పడ్డ బీట అయితే ఏమీ కాదు. అందుకే అంచు వెంట నిదానంగా వెళ్లాలి. చదునైన కేంద్రకాలు అక్కడక్కడా అంటుకుని ఉంటే అది నాళం గోడ. గోడ లేకుండా, గుంపు ఆకారం, బీట ఆకారం అచ్చుగుద్దినట్టు ఒకటే అయితే అది ఉత్త బీటేనేమోనని అనుమానించాలి. అప్పటికీ తేలకపోతే లింఫు నాళాల గోడకు పట్టే ప్రత్యేక రంగు వేయిస్తాం. తమాషా ఏమిటంటే, బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఆ ఉత్తుత్తి బీటే రోగనిర్ధారణకు సాయం చేస్తుంది.

2018లో మా అలవాటుకే ప్రశ్న ఎదురైంది. పెట్రోస్ బెనియస్, నీల్ థీస్ బృందం లేజర్ ఎండోస్కోపీతో బతికున్న మనిషి పిత్తనాళం గోడలో ద్రవం నిండిన అరలను చూసింది. స్లైడుకు సిద్ధం చేసేటప్పుడు ఆ అరలు కుంగిపోతాయి. మిగిలిన సన్నటి తెల్లగీతలను మేం చిరుగులనుకుంటూ వచ్చాం. పత్రికలు దాన్ని కొత్త అవయవమన్నాయి. నా లెక్కలో అది అతి. కానీ ప్రతి తెల్లగీతనూ చిరుగని కొట్టిపారేయకూడదని మాత్రం ఒప్పుకోవాలి.

చివరగా, ముక్క ఉన్న సీసాను ల్యాబుకు మోసుకొచ్చే బంధువులకో మాట. పాడవుతుందని దాన్ని డీప్ ఫ్రీజర్‌లో పెట్టకండి. మంచు పలుకులు కణజాలంలో లేని రంధ్రాలు చేస్తాయి. రెండు సీసాలిచ్చి ఒకదానిలో ఫార్మలిన్ లేకపోతే మరిచారనుకుని మీరు పోయకండి. పెంఫిగస్ పరీక్షకు ఒక ముక్కను కావాలనే వేరే ద్రవంలో పంపుతారు. డాక్టరు ఎలా ఇస్తే అలా, చీటీ ఊడకుండా, అదే రోజు తెచ్చివ్వండి.