టెలివిజన్ నాటకంలో ద్విలైంగిక పాత్ర

టెలివిజన్ ధారావాహికకు తక్కిన నాటకరూపాలకు లేని సంపద ఒకటి ఉన్నది, అది కాలం. రంగస్థల నాటకం రెండు మూడు గంటలలో ముగియవలసినదే. ధారావాహిక మాత్రం ఒక పాత్రను ఏడేళ్లు, పదేళ్లు వెంబడించి, ఆమె యౌవనాన్నీ, వివాహాన్నీ, వియోగాన్నీ, మరల కలిగిన అనురాగాన్నీ చూపగలదు. స్త్రీపురుషులు ఇరువురి పట్లను అనురాగం కలుగగల వ్యక్తిని చిత్రించడానికి ఇంతకంటె అనువైన రూపం మరొకటి లేదు. ఎందుకంటే అట్టి వ్యక్తి స్వభావం ఏ ఒక్క దృశ్యంలోను పూర్తిగా కనిపించదు. ఆమె పురుషునితో నడుస్తూ ఉంటే చూచేవారు ఒకటి అనుకుంటారు. స్త్రీతో నడుస్తూ ఉంటే మరొకటి అనుకుంటారు. రెండూ ఒకే మనిషి నడకలని తెలియాలంటే కథకు జ్ఞాపకం ఉండాలి. విచిత్రమేమంటే, ఇంత తీరిక గల ఈ రూపమే తరచు ఆ జ్ఞాపకాన్ని పోగొట్టుకొన్నది.

అమెరికాలో 1997 నుండి 2003 వరకు ప్రసారమైన ‘బఫీ ది వాంపైర్ స్లేయర్’లో విల్లో అనే విద్యార్థిని మొదట ఓజ్ అనే యువకుని ప్రేమిస్తుంది. ఆ ప్రేమ బూటకం కాదు. అతడు విడిచిపోయినప్పుడు ఆమె పడిన వేదనను నాటకం సానుభూతితోనే చూపింది. తరువాత టారా అనే యువతితో ఆమెకు కలిగిన ప్రేమను చూపడం ఆనాటి టెలివిజన్‌కు సాహసమే. అయితే ఆపైన నాటకం విల్లోను స్త్రీలను మాత్రమే ప్రేమించే వ్యక్తిగా నిర్ణయించి, ఓజ్ కథను గడిచిపోయిన బాల్యం వలె పక్కన పెట్టింది. అట్లా జరగరాదని కాదు. తమ మనసు ఏ వైపో ఆలస్యంగా తెలుసుకొన్న స్త్రీలు లోకంలో ఎందరో ఉన్నారు. లోపమేమంటే, నాటకం ఆ ప్రశ్నను అడగనే లేదు. రెండు ప్రేమలూ సత్యమై ఉండవచ్చుననే సమాధానం దానికి తోచినట్లు లేదు.

2013 నుండి 2019 వరకు వచ్చిన ‘ఆరెంజ్ ఈజ్ ది న్యూ బ్లాక్’ మరింత జటిలమైన ఉదాహరణ. పైపర్ ఛాప్‌మన్‌కు ఒకవైపు పెండ్లాడనున్న లారీ, మరొకవైపు పూర్వం ప్రేమించి మరల కారాగారంలో ఎదురుపడిన అలెక్స్. స్త్రీల కారాగారాన్ని అంత ధైర్యంగా, అంత హాస్యంతో చూపిన ఈ నాటకంలో పైపర్‌కు సరిపోయే పదం మాత్రం పాత్రల నోట దాదాపు వినిపించదు. చుట్టూ ఉన్నవారు ఆమెను ఇటో అటో లెక్క వేస్తారు. పేరు లేనప్పుడు స్వభావం దోషంగా మారుతుంది. ప్రేక్షకునికి కనిపించేది నిలకడలేమి, వంచన. పైపర్ స్వార్థపరురాలే, సందేహం లేదు. అది రచయితలు తెలిసి కల్పించిన గుణం. కాని ఆ స్వార్థం ఎక్కడ ముగుస్తుందో, ఆమె ప్రేమస్వభావం ఎక్కడ మొదలవుతుందో తెలిపే గీత లేకపోవడం వల్ల రెండూ కలిసిపోయాయి.

ఆ పదమే అనువాదకులకు కూడ చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగు పాఠశాలల వృక్షశాస్త్రంలో ద్విలింగ పుష్పమంటే కేసరాలూ అండకోశమూ రెండూ కలిగిన పువ్వు. హిందీలో ‘ఉభయలింగీ’ అన్నా శరీరనిర్మాణమే ముందు స్ఫురిస్తుంది. ఇక్కడ చెప్పదలచినది శరీరాన్ని గూర్చి కాదు, అనురాగాన్ని గూర్చి. కనుక చెవికి ఎంత కటువైనా ‘ద్విలైంగిక’ అనడమే మేలు. సంభాషణలో మరొక చిక్కు ఉన్నది. ఆంగ్లంలో ఒక పాత్ర తన ప్రియవ్యక్తి ఆడో మగో తెలియనీయక కొంతసేపు మాట్లాడగలదు. తెలుగులో ‘వారు వచ్చారు’ అని గౌరవ బహువచనంతో ఆ మరుగును నిలుపవచ్చు. హిందీ క్రియ గౌరవంలో కూడ లింగాన్ని దాచనీయదు. ప్రియవ్యక్తిని పుంలింగంలోనే పేర్కొనే సంప్రదాయం వల్ల ఉర్దూ గజల్ ఈ చిక్కును ఏనాడో దాటింది. టెలివిజన్ సంభాషణకు ఆ వెసులుబాటు లేదు.

పదాన్ని పలికించడం వల్ల ఏమి సమకూరుతుందో 2017 డిసెంబరులో ‘బ్రూక్లిన్ నైన్-నైన్’ చూపింది. అది పోలీసు ఠాణాను గూర్చిన హాస్యధారావాహిక. మితభాషిణి అయిన రోసా డయాజ్ అనే అధికారిణి తాను ద్విలైంగికనని తోటివారికీ, తరువాత తల్లిదండ్రులకూ చెబుతుంది. పురుషులన్నా ఇష్టమున్నది గనుక కూతురు ఏనాటికైనా మగవానినే పెండ్లాడవచ్చునని ఇంటివారి ఆశ. ఎవరిని పెండ్లాడినా తన స్వభావం మారదని రోసా సమాధానం. విల్లో కథలోను పైపర్ కథలోను కొరవడిన వాక్యం అదే. కొంతకాలానికి తండ్రి ఒంటరిగా వచ్చి, తనకు పూర్తిగా అర్థం కాకపోయినా కూతురిని అంగీకరిస్తున్నానంటాడు. తల్లికి ఇంకా వ్యవధి కావాలి. హాస్యనాటకమైనా తల్లి మనసును తొందరపడి మార్చివేయకపోవడం మెచ్చదగినది. ఈ పాత్రను ధరించిన స్టెఫనీ బియాట్రిజ్ తానూ ద్విలైంగికనని అంతకు ముందే బహిరంగంగా చెప్పిన నటి.

‘గ్రేస్ అనాటమీ’లో వైద్యురాలు కాలీ టోరెస్ మొదట జార్జిని పెండ్లాడింది, 2011లో ప్రసారమైన భాగంలో అరిజోనా అనే వైద్యురాలిని వివాహమాడింది. ఆ నాటకంలో విమానప్రమాదం మొదలుకొని రాని ఆపద లేదు. అయినా ఈ ఒక్క విషయంలో దాని జ్ఞాపకం చెడలేదు.

భారతదేశంలో 377వ సెక్షను పరిధి నుండి వయోజనుల పరస్పర సమ్మతి సంబంధాలను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న తొలగించింది. 2019 జనవరిలో ‘ఫోర్ మోర్ షాట్స్ ప్లీజ్’ వచ్చింది. లూధియానా నుండి ముంబయి చేరి వ్యాయామశిక్షకురాలుగా బ్రతుకుతున్న ఉమంగ్ సింగ్ ఇందులో ద్విలైంగిక పాత్ర. ఆమెకూ సమారా కపూర్ అనే సినీతారకూ కలిగిన అనురాగం రెండవ భాగంలో, అనగా 2020లో, వివాహవేదిక వరకు వచ్చింది. ఆ వివాహం జరిగి ఉన్నా చట్టపు గుర్తింపు లభించేది కాదు. అట్టి వివాహహక్కును 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు కూడ ఇవ్వ నిరాకరించింది. మద్యపానమూ మెరుగుదుస్తులూ ఎక్కువైన ఈ నాటకంలో ఉమంగ్ చెమటోడ్చి బ్రతికే మనిషి అన్న సంగతి పలుమార్లు మరుగున పడుతుంది. పెండ్లినాడు ఆమె వెళ్లిపోతుంది. ద్విలైంగిక వ్యక్తి నిలకడ లేనిదనే పాత అపవాదును ఎరిగిన ప్రేక్షకుడు ఇక్కడ ఉలికిపడతాడు. కాని ఆమె వెళ్లినది పురుషుని కోసం కాదు. ఆ తార వెలుగులో తన జీవితం తనకే కనిపించకుండా పోతున్నదని.