తందనానకు వంత ఎవరు?

తిరుపతిలో ఉండి అన్నమయ్య పాట చెవిన పడకుండా ఒక్క రోజు గడపడం కష్టం. అలిపిరి మెట్ల దగ్గర వినిపిస్తుంది, బస్టాండులో వినిపిస్తుంది, ఇడ్లీ బండి మీద ఫోనులో వినిపిస్తుంది. అందులో 'బ్రహ్మమొక్కటే' సంగతి చెప్పనే అక్కర్లేదు. సమానత్వం మీద పిల్లలతో ఏదైనా పాడించండి అంటే మన అయ్యవార్లకు ముందు తట్టేది ఈ పాటే. జనవరి 26కి ఇదే, అంబేడ్కర్ జయంతికి ఇదే, పదవీ విరమణ సభకూ ఇదే. అన్ని సభలకూ పనికొచ్చే పాట మీద నాకు కొంచెం అనుమానం. ఎవరికీ ఎక్కడా గుచ్చుకోని పాటైతేనే అట్లా అన్నిచోట్లా చెల్లుతుంది. మరి ఈ పాట నిజంగా గుచ్చుకోనిదేనా, లేక మనం పాడే తీరులో దాని ముల్లు విరిగిపోయిందా? మన యువకులూ, మన పిల్లలకు చదువు చెప్పే టీచర్లూ ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ముందు ఈ పాట ఎట్లా తయారైందో చూద్దాం. అన్నమాచార్యులు 1408లో తాళ్ళపాకలో పుట్టి 1503లో పోయాడు. 32,000 సంకీర్తనలు చేశాడని చెబుతారు. మనకు దక్కినవి పన్నెండు, పద్నాలుగు వేల మధ్య. వాటిని ఆయన కొడుకు పెద్ద తిరుమలాచార్యులు, ఆ ఇంటి వాళ్ళు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో ఒక చిన్న రాతి అరలో భద్రం చేశారు. ఆ తర్వాత తరాలకు తరాలు వాటిని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 20వ శతాబ్దంలో ఆ రేకులు మళ్ళీ వెలుగు చూశాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పెద్దలు చదివి, సరిచూసి అచ్చు వేయించారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. రేకుల మీద పాట ఉంది, పాట నెత్తిన రాగం పేరు ఉంది. స్వరాలు మాత్రం లేవు. అంటే అన్నమయ్య నోట ఆ పాట ఎట్లా పలికిందో చెప్పే ఆధారం రేకు మీద లేదు. ఇవాళ మనం వింటున్న వరసలన్నీ ఈ మధ్య వచ్చినవే. రాళ్ళపల్లి వారు కొన్నింటికి కట్టారు. తర్వాత నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వందలాది పాటలకు కట్టారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. ఆ కాలంలోనే ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు పాడిన బాలాజీ పంచరత్నమాల రికార్డులతో అన్నమయ్య తెలుగు నేల దాటి వెళ్ళాడు. 1997లో సినిమా వచ్చాక పాట పల్లె పల్లెకూ చేరింది. బౌళి రాగంలో మనం పాడే 'బ్రహ్మమొక్కటే' మాట అయిదారు వందల ఏళ్ళదైతే, పాట మన అమ్మానాన్నల ఈడుది. ఈ వరసే అసలు, ఇంకోలా పాడితే అపచారం అని ఎవరన్నా అంటే కంగారు పడనక్కర్లేదు.

పాట రాసినవాడితో పూర్తికాదు, పాడే గొంతు మారితే అర్థమే మారిపోతుంది. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ మన దేశంలోది కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్ళ సంగీతంలో సోల్ అనే తీరు ఒకటుంది. చర్చిలో దేవుణ్ణి పిలిచే గొంతును అట్లాగే తెచ్చి ప్రేమకూ, కష్టానికీ, బతుకు పోరుకూ వాడతారు. 1965లో ఓటిస్ రెడ్డింగ్ అనే గాయకుడు 'రెస్పెక్ట్' అని ఒక పాట రాసి పాడాడు. సంపాదించి ఇంటికొచ్చే మగవాడు, నాకు దక్కాల్సిన మర్యాద నాకియ్యి అని ఇంట్లో ఆడమనిషిని అడిగే పాట అది. బాగానే ఆడింది. రెండేళ్ళ తర్వాత, 1967 ఫిబ్రవరి 14న, అరెతా ఫ్రాంక్లిన్ న్యూయార్క్ స్టూడియోలో అదే పాట పాడింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు. డెట్రాయిట్‌లో తండ్రి పాస్టరుగా ఉన్న చర్చిలో చిన్నప్పటి నుంచీ పాడిన గొంతు ఆమెది. పాటలో మగవాడి చోట ఆడది నిలబడింది. మర్యాద అనే ఆ ఇంగ్లీషు మాటను, మనం ఒకటో తరగతిలో అక్షరాలు కూడబలికించినట్టు, ఒక్కో అక్షరం విడదీసి పలికింది. మీకు చదవడం రాకపోతే నేను నేర్పిస్తాను అన్నట్టుంటుంది ఆ చోటు. వెనక ఆమె చెల్లెలు కెరొలిన్, అక్క ఎర్మా వంత పాడారు. ఆ ఏడు అమెరికాలో అది మొదటి స్థానానికి ఎక్కింది. ఆడవాళ్ళు మా పాట అన్నారు, హక్కుల కోసం వీధుల్లో నడుస్తున్న నల్లవాళ్ళు మా పాట అన్నారు. ఒక అమ్మాయి నా పాటను పట్టుకుపోయిందని రెడ్డింగే వేదిక మీద నవ్వుతూ చెప్పాడు. అదే డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. అప్పటికి 26 ఏళ్ళు. 2002లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచాల్సిన రికార్డుల మొదటి జాబితాలో అరెతా పాటను చేర్చింది. పాట రెడ్డింగ్‌దే అయినా లోకానికి గుర్తున్నది ఆమె గొంతు.

ఆ చెవితో ఇప్పుడు 'బ్రహ్మమొక్కటే' విందాం.

పల్లవిలో తందనాన ఉంది. కచేరీలో వినే ఎవరికైనా అది లయ కోసం వేసిన మాటలా అనిపిస్తుంది. మన ఊళ్ళలో బుర్రకథ చూసినవాళ్ళకు అట్లా అనిపించదు. కథకుడు ఒక మాట అంటాడు, పక్కన ఇద్దరు తందాన అని అందుకుంటారు. వంత లేకపోతే కథే లేదు. కలుపు తీసేటప్పుడూ, నాట్లు వేసేటప్పుడూ ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. అన్నమయ్య ఈ నోళ్ళను బాగా విన్నవాడు. ఏల పాటలు, జాజర పాటలు, సువ్వి పాటలు, జోలలు, గొబ్బిళ్ళు అన్నీ ఆయన సంకీర్తనల్లో ఉన్నాయి. సమానత్వం చెప్పాల్సిన పాటకు ఆయన వెతికి వెతికి తెచ్చుకున్నది గుంపు పాట పల్లవి. ఒంటి గొంతుతో తందనాన పాడితే, విందు పెట్టి ఒక్కడే కూర్చుని తిన్నట్టుంటుంది. గొప్ప గొప్ప విద్వాంసులు పాడినవాటిని నేను ఇష్టంగానే వింటాను. కానీ ఆ వరసల్లో వంత పోయింది. పోయింది వంతతోపాటు వంత పాడే మనుషులు కూడా.

చరణాల్లో ఆయన చూపించేవన్నీ కంటికి కనబడేవీ ఒంటికి తెలిసేవీ. రాజు పడుకుంటాడు, ఆ పక్కనే బంటు పడుకుంటాడు, నిద్ర మాత్రం ఒకటే. సాళువ నరసింహరాయుడి మీద పాట కట్టనన్నందుకు అన్నమయ్యకు సంకెళ్ళు పడ్డాయని కథ ఒకటుంది. అది ఎంతవరకు జరిగిందో గానీ, రాజుల కొలువు దగ్గరగా చూసినవాడు రాజు గొప్పతనం నిద్ర దగ్గర ఆగిపోతుందని రాయడం బాగుంది. తర్వాత ఆకలి. మంచి భోజనం తినేవాడిదీ, పనికిరాని తిండి తినేవాడిదీ ఆకలి ఒకటే అంటాడు. గాలి సువాసన మీదా దుర్వాసన మీదా ఒకేలా వీస్తుంది. ఎండ ఏనుగు మీదా కుక్క మీదా ఒకేలా కాస్తుంది. వేదాంతం చెబుతున్నానని అనిపించకుండా చెప్పడంలో తెలుగులో ఈ పాటకు సాటి తక్కువ.

అయితే నాకు ఆకలి చరణం దగ్గర ఒక పేచీ ఉంది. ఆకలి ఒకటే, సరే. ఒకడి కంచంలో ఒకటీ ఇంకొకడి కంచంలో ఇంకొకటీ ఎందుకున్నాయని పాట అడగదు. 15వ శతాబ్దపు భక్తుడు అడగలేదని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన ఆపిన చోట మనం ఆపాల్సిన పని లేదంటున్నాను. క్లాసులో ఆ చరణం అయ్యాక నోటుపుస్తకంలో ఒక ప్రశ్న రాయించవచ్చు.

నేల చరణం ఇంకా గట్టిది. బ్రాహ్మణుడు మెట్టే నేల, చండాలుడు ఉండే నేల ఒకటే అంటాడు. పాట మొత్తంలో దస్తావేజుతో సరిచూడగల మాట ఇదే. మన తిరుపతి జిల్లాలోనే శ్రీహరికోట ఉంది. ఆ దీవి అడవిలో తరాలుగా బతికింది యానాదులు. 1969లో ఆ చోటును రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971లో రాకెట్లు ఎగరడం మొదలైంది. అడవిని నమ్ముకున్న కుటుంబాలు అడవి వదిలి రావాల్సి వచ్చింది. రాకెట్ ఎగిరితే నేనూ పిల్లలతో కలిసి మిద్దె ఎక్కి చూస్తాను, చప్పట్లు కొడతాను. అయినా నేల ఒకటే అన్న చరణం పాడిన రోజు ఆ దీవి పేరు క్లాసులో చెప్పాలి. లేకపోతే ఆ మాట గాలిలో ఉండిపోతుంది.

ఇక ఆ చండాల అనే మాట. ఒక టీచరు నాతో అన్నారు, ఆ చరణం వదిలేసి మిగతావి నేర్పిద్దాం సార్, పిల్లలు నొచ్చుకుంటారు అని. ఆయన మంచి మనసుతోనే అన్నారు. నాకు ఒప్పుదల కాలేదు. ఆ చరణం తీసేస్తే మిగిలేది గాలీ ఎండా. తిట్టుగా వాడే మాట పాటలో ఉంది కాబట్టి, అది ఎవరు ఎవరిని అన్న మాటో, ఎందుకన్నారో, ఇప్పుడు అంటే చట్టం ఏమంటుందో చెప్పి మరీ పాడించాలి.

ఈ పాటలో మనం ఎక్కడున్నాం సార్ అని మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె అడిగింది. కాలనీ నుంచి వచ్చే యానాది పిల్ల. ఆలోచిస్తే కష్టమైన ప్రశ్నే. పాటలోని నిచ్చెనకు పైమెట్టు మీద బ్రాహ్మణుడు ఉన్నాడు, అడుగున చండాలుడు ఉన్నాడు. అడవిలోవాడు ఆ నిచ్చెన మీదే లేడు. నిచ్చెన ఆయన ఊరిది. కానీ చరణాలకు ముందే ఒక మాట ఉంది, ప్రాణులన్నిటిదీ ఒకే కులం అని. చదువుకున్నవాళ్ళు దాన్ని అద్వైతం దాకా తీసుకెళతారు. మనవాళ్ళకు అంత దూరం పోయే పని లేదు. పామును పట్టి సంచిలో వేసుకుని పొలిమేర దాటించే తాతకు, తేనె తీసేటప్పుడు తుట్టెలో కొంత వదిలి దిగే మామకు అది కొత్త మాటేమీ కాదు. మనం ఈ పాటలోకి వెళ్ళే దారి అదేనని ఆ పిల్లకు చెప్పాను. నిచ్చెన మెట్ల మీద మన పేరు వెతుక్కోవద్దన్నాను.

మన గొంతును ఈ కొండ దేవుడి కథ ఇంతకు ముందే ఒకసారి వాడుకుంది. పద్మావతిని పెళ్ళి చేసుకోవడానికి శ్రీనివాసుడు ఎరుకలసాని వేషం కట్టి నారాయణవనంలో ఆకాశరాజు ఇంటికి సోది చెప్పడానికి వెళ్ళాడని కథ. రాణి లోపలికి పిలిచింది, చాపేసి కూర్చోబెట్టింది, చెప్పింది నమ్మింది. అంతటి పెళ్ళికి ఎరుకల అవ్వ మాటే పూచీ. కానీ తెల్లవాళ్ళ ప్రభుత్వం ఆ అవ్వ పిల్లలనే పుట్టుకతో నేరస్తులని చట్టంలో రాసింది. ఆ ముద్ర 1952లో పోయింది. వేషం కట్టుకోవడానికి పనికొచ్చిన గొంతు పాటకు ఎందుకు పనికిరాదు?

ఊరికే అడగడం లేదు. ఒక పాటల పోటీలో ఆ పిల్ల ఈ పాట పాడింది. శ్రుతి తప్పలేదు, మాట మింగలేదు. గొంతు బాగుంది గానీ ఈ పాటకు తగ్గ గొంతు కాదు, జానపదం పాడిస్తే రాణిస్తుంది అన్నారు న్యాయనిర్ణేత ఒకరు. తందనాన పల్లవిగా ఉన్న పాటకు జానపదం గొంతు తగదన్నమాట. అన్నమయ్య పేరుతో 2022లో ఒక జిల్లా ఏర్పడింది, తాళ్ళపాక దగ్గర 108 అడుగుల విగ్రహం ఉంది, ఏటేటా జయంతీ వర్ధంతీ జరుగుతాయి. ఆయన మిగిల్చిపోయినది వీటిలో ఉందా, ఆ పిల్ల గొంతుకు మార్కులు వేసే పెన్నులో ఉందా అంటే నేను పెన్నునే చూస్తాను. చండాలుడి నేలా ఒకటే అని వేరేవాళ్ళు పాడితే అది దయ. ఆ నేల కోసం ఎదురుచూస్తున్న కాలనీ పిల్ల పాడితే, పట్టా ఏది అని అడిగినట్టుంటుంది. అక్షరం కూడా మార్చనక్కర్లేదు.

టీచర్లకు రెండు మాటలు. ఈ పాటను ఒక్క పిల్లతో పాడించకండి. ఒకరు చరణం ఎత్తుకోవాలి, తక్కిన క్లాసంతా తందనాన అందుకోవాలి. బౌళి వచ్చినవాళ్ళు బౌళిలోనే పాడించండి, మంచి రాగం, తెల్లవారుజామున హాయిగా ఉంటుంది. రానివాళ్ళు మీ ఊరి నాట్ల పాట వరసలో పెట్టి చూడండి, మాటలు అమరుతాయి. మేం పెట్టి చూశాం. శ్రుతి పెట్టె కోసం చూడొద్దు, పిల్లలకు అందే ఎత్తులో మొదలుపెడితే చాలు. పలక కొట్టే తాత కాలనీలో ఎవరో ఒకరు ఉంటారు, పిలిస్తే వస్తాడు. ఆయనకు స్టాఫ్ రూములో కుర్చీ వేయండి.